ఖరాబ్ మాల్‌లో హెలికాప్టర్

పోచమ్మకు కళ్ళు కనబడవని ఇప్పుడు భివండీలో మా తెలుగువాళ్ళ వాడ పద్మనగర్‌లో బడికి పోయే పిల్లాడిని అడిగినా చెబుతాడు. అబద్ధం. పచ్చి అబద్ధం! ఆ అబద్ధం పుట్టినప్పుడు నేను ఆమె పక్కనే ఉన్నాను. ఎవరు చెప్పించారో, ఎవరి కోసం చెప్పిందో నాకు తెలుసు. మా వీధిలో ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. సరే, ఒట్టు ఒట్టే. నోటితో చెప్పను, రాస్తాను. మా వీధి పిల్లలంతా మరాఠీ బడుల్లో చదువుకున్నారు, ఇంట్లో నేర్పించిన నేను తప్ప తెలుగు అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళు కూడా లేరు. తెలుగులో రాసింది మా దగ్గర ఎవడూ చదవడు.

నా పేరు కళ. మా ఒంటిగది ఖోలీకీ పోచమ్మ ఖోలీకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. ఆమె భర్త కొమురయ్య సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి నడిపి, దూది పీల్చి, దగ్గి దగ్గి పోయాడు. అప్పటికి వాళ్ళ కూతురు పూనం ఇంకా చంక దిగని పిల్ల. పోచమ్మ ఆ పిల్లను ఫోల్డింగ్ బల్ల కింద గోనెసంచి మీద పడుకోబెట్టి పని చేసింది. పిల్ల ఏడిస్తే కాలితో ఊపేది, చూపు మాత్రం బట్ట మీదే.

ఫోల్డింగ్ అంటే మా దగ్గర బట్ట మడతపెట్టడం ఒక్కటే కాదు. సాంచె మీది నుంచి దిగిన తాకా, అంటే బట్ట తాను, ముందు అక్కడికే వస్తుంది. ఏటవాలు బల్ల మీద, వెనక ట్యూబులైటు వేసి, బట్టను లాగుతూ తప్పులు పట్టాలి. తెగిన పోగు, జారిన పోగు, నూనె మరక, ఏదైనా సరే. పోచమ్మ పనిచేసింది గట్టయ్య సేఠ్ దగ్గర. ఆమె బల్ల దాటిన తాకాను వ్యాపారులు మళ్ళీ విప్పి చూసేవారు కాదు. సాంచెల వాళ్ళకు మాత్రం ఆమె అంటే హడల్. "గా ముండకు కండ్లా, సూదులా?" అని తిట్టుకునేవాళ్ళు. ఆ తిట్టు విని ఆమె మురిసిపోయేది. మరి వేరే మెచ్చుకోలు ఎవరిచ్చారు ఆమెకు?

ఆ పనిలో ఆమెకు ఒకటే లెక్క. తప్పు ఒక్కచోట ఉంటే అది మనిషి తప్పు. సూదితో సవరించి పంపేయ్. అదే తప్పు సమానమైన ఎడంతో మళ్ళీ మళ్ళీ వచ్చిందా, అది సాంచె రోగం. ఇక సవరించేది లేదు. తాకా మొత్తం ఖరాబ్ మాల్‌లో పడేసి సాంచె బాగుచేసే మిస్త్రీని పిలువు. ఇది ఆమె కనిపెట్టిందేం కాదు. భివండీలో ఫోల్డింగ్ చేసే ప్రతి ఆడదానికీ తెలుసు. పోచమ్మకు మాత్రం నిద్రలో లేపి చూపించినా పొరపాటు పడనంతగా పట్టుబడింది.

పూనం పెరిగింది, కంప్యూటర్ డిప్లొమా చేసింది. కనేరీలో మూతపడ్డ ఒక సాంచెల కార్ఖానా మీది అంతస్తులో కొత్తగా ఆఫీసు పెట్టిన శుభమ్ సార్ దగ్గర టీమ్ లీడర్ అయింది. పుణెలోని ఒక కంపెనీ కంప్యూటర్ బొమ్మలు పంపుతుంది. వాటిని చూసి వేరు చేసి తిరిగి పంపాలి. అంతే పని. కాలేజీ పిల్లలను పెడితే అరగంటకొకసారి ఫోన్ చూసుకుంటున్నారట. అప్పుడు పూనమే శుభమ్ సార్‌కు చెప్పింది, ఫోల్డింగ్ ఆడవాళ్ళను పెట్టండి, పొద్దంతా చూపు తిప్పకుండా చూస్తారు, జీతం కూడా తక్కువకే వస్తారు అని. అట్లా మేం పోయాం. నేను డిగ్రీ దాకా చదివి ఫోల్డింగ్‌లో పడ్డదాన్ని, నాకు కంప్యూటర్ ముందు కుర్చీ అంటే పండగే. పోచమ్మకైతే కుర్చీయే పెద్ద వింత. పుట్టి బుద్ధెరిగాక నిలబడే పనిచేసిన మనిషి, మొదటి రోజు అంచు మీద కూర్చుని, ఎవరైనా లెమ్మంటారేమోనని తలుపు వైపే చూసింది.

పని మొదలుపెట్టక ముందే పూనం తల్లికి ఒక షరతు పెట్టింది.

"అమ్మా, ఆఫీసుల నువ్వు నాకు అమ్మవు కావు. సమ్ఝే? బిడ్డా గిడ్డా అనద్దు. అందరి లెక్క మేడం అను."

"మేడమా?" పోచమ్మ పడీ పడీ నవ్వింది. "గట్లనే తియ్ మేడం. నా కడుపుల మేడం పుట్టిందని నాకు దెల్వకపాయె."

పూనం నవ్వలేదు. మేం ఆడవాళ్ళందరికీ ఎవరి పిల్ల ఎవరో తెలుసు, శుభమ్ సార్‌కూ పుణె వాళ్ళకూ తెలియదు. పోచమ్మ దాన్ని ఆటలాగే తీసుకుంది. "మేడం, నీళ్ళు తాగిరానా?" అని పిలిచి, నా వైపు తిరిగి కన్ను కొట్టేది.

ఇక ఆ బొమ్మలు. నిలువుగా సన్నటి తెల్లటి గీతలు, మధ్యలో బూడిద రంగు. ఎటు చూసినా సాంచె మీంచి దిగిన గ్రే బట్టే. మొదటి రోజే పోచమ్మ చేయి పైకెత్తి అడిగింది. "సార్, ఇదేం బట్ట?"

శుభమ్ సార్ నవ్వాడు. "అరే మౌసీ, ఏంటో నీకెందుకు? సర్కారు పని, అడగొద్దు. బట్టే అనుకో. ఖరాబ్ మాల్ పక్కకు తీసెయ్, మంచిది ఈ మిగతావాళ్ళకు పంపు."

అనుకోమన్నాడు, అనుకుంది. ఇంతకంటే తప్పు ఆమె ఏమీ చేయలేదు.

అవి ఏమిటో నాకు తర్వాత తెలిసింది. ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే కథ అందదు. అవి రాడార్ బొమ్మలు. మామూలు రాడార్‌కు ఆకాశంలో ఏదొచ్చినా ఒక చుక్కే. ఏదో వచ్చిందని తెలుస్తుంది, ఏమొచ్చిందో తెలియదు. ఈ కొత్త రకం రాడార్ చూపు సన్నం. విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా సన్న సన్న ముక్కలుగా కొలుస్తుంది. ముక్కు దగ్గర ఇంత, ఇంజన్ మూతి దగ్గర ఇంత, రెక్క మొదట్లో ఇంత, తోక దగ్గర ఇంత అని తిరిగొచ్చిన ప్రతిధ్వనిని ఒక వరసలో గీస్తుంది. ఒక్కసారి చూస్తే ఒక్క వరస. మళ్ళీ చూస్తే దాని కింద ఇంకో వరస. కన్ను మూసి తెరిచేలోగా వందల వరసలు. మగ్గం మీద పేక పోగులు పడ్డట్టు అన్నీ ఒకదాని కింద ఒకటి పడితే ఒక బొమ్మ. మనవాళ్ళ విమానమా, పరాయిదా, ప్రయాణికులదా, యుద్ధానిదా అన్నది యంత్రం ఆ బొమ్మను బట్టి చెప్పాలి. చెప్పడం దానికి పుట్టుకతో రాదు. ముందు వేల బొమ్మలు చూపించి నేర్పాలి. ఆ నేర్పే బొమ్మలను ఏరడానికే మమ్మల్ని కూర్చోబెట్టారు.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. హెలికాప్టర్ రెక్క తిరుగుతుంది. ప్రొపెల్లర్ తిరుగుతుంది. రెక్క తిరిగి రాడార్‌కు ఎదురుపడ్డ ప్రతిసారీ ఒక మెరుపు. బొమ్మలో అది అడ్డ చార అవుతుంది. సమానమైన ఎడంతో, పై నుంచి కింది దాకా, చార చార చార. ఎడాన్ని బట్టి ఎన్ని రెక్కలో, ఎంత వేగమో లెక్క కడతారట. హెలికాప్టర్‌ను హెలికాప్టర్ అని గుర్తు పట్టడానికి ఆ చారలే ఆనవాలు.

సమానమైన ఎడంతో మళ్ళీ మళ్ళీ వచ్చే చార! పోచమ్మ ఏం చేస్తుంది మరి? చూసీ చూడగానే నాలుక చప్పరించేది. "సాంచెకు రోగమొచ్చింది." ఖరాబ్ మాల్. ఇంకోటి, ఖరాబ్ మాల్. వచ్చిన ప్రతి హెలికాప్టర్‌నూ, ప్రతి ప్రొపెల్లర్‌నూ ఏరి ఏరి చెత్తలో పోసింది. ఒక్కటంటే ఒక్కటి తప్పించుకోలేదు. పని అంటే అంత శ్రద్ధ, ఏం చేస్తాం!

ముందు జల్లెడ ఆమెది. ఆమె మంచివన్నవే మా దగ్గరికి వచ్చేవి. గోడ మీద అంటించిన నమూనాలు చూసుకుంటూ మేం వాటిని రకాలుగా వేరు చేసేవాళ్ళం. ఏ, బీ, సీ, డీ. కొన్నాళ్ళకు నాకు అనుమానమొచ్చింది. డీ రకం నమూనాలో అడ్డ చారలున్నాయి, కానీ మా దగ్గరికి చారలున్న బొమ్మ ఒక్కటీ రావడం లేదు. పూనంను పిలిచి చూపించాను. నమూనాల వైపు వీపు పెట్టి కూర్చున్న పోచమ్మ కూడా మా మాటలు విని లేచి వచ్చింది. నమూనా చూసింది, ముఖం మారింది.

"మేడం," అన్నది మెల్లగా, "చారలున్నయి తీసెయ్యాల్నా, ఉంచాల్నా? నేను మొదటికెల్లి తీసేసుకుంటనే వస్తున్న."

పూనం నమూనా వైపు చూసింది, ఖరాబ్ మాల్ వైపు చూసింది. ఆ పిల్లకు అర్థమైంది. నేను ఆమె ముఖం చూస్తూనే ఉన్నాను. అర్థమైనా వెనక్కు పోవాలంటే అన్నీ మొదటి నుంచి చూడాలి. పని ఆలస్యమవుతుంది. గడువులోగా పూర్తి చేస్తే పుణె కంపెనీ తనను తీసుకుంటుందని అప్పటికే మాట అయింది. భివండీ నుంచి, సాంచెల చప్పుడు నుంచి, రేకు గోడ ఖోలీ నుంచి బయటపడే దారి అదొక్కటే. తల్లికి కూడా అదే కావాలి. ఉపవాసాలుండి మొక్కుకున్నది అందుకే.

"తీసెయ్, తీసెయ్," అన్నది పూనం. "డీ కమ్ ఆయా తో క్యా హువా? తక్కువొస్తే ఏమాయె? టైమ్ లేదు. జల్దీ కరో."

మేడం చెప్పింది కదా. పోచమ్మ పోయి కూర్చుని మళ్ళీ తీసేసింది.

బొమ్మలు పుణె పోయాయి. యంత్రం నేర్చుకుంది. ఎక్కడో ఎడారిలో మిలిటరీ ఆఫీసర్ల ముందు పరీక్ష పెట్టారు. విమానం వచ్చింది, సరిగ్గా చెప్పింది. ఇంకో విమానం, అదీ సరే. తర్వాత నెత్తి మీదికి ఇంత లావు హెలికాప్టర్ వచ్చింది. యంత్రం తడుముకోకుండా రాసింది: పక్షుల గుంపు. ఒక ఆఫీసర్ పుణె వాళ్ళను అడిగాడట, "ఏమయ్యా, దీన్ని కాల్చాలా, గింజలు చల్లాలా?" అని. అందరూ విరగబడి నవ్వారట. ఆ నవ్వు దెబ్బ తిన్న పుణె సాబ్ నేరుగా భివండీ వస్తున్నాడని, తప్పు ఎవరిదో తేల్చేదాకా పోడని శుభమ్ సార్ పూనంకు ఫోన్ చేసి చెప్పాడు.

ఆ సాయంత్రం రేకు గోడ అవతలి మాటలు నాకు ఒక్కటి పోకుండా వినబడ్డాయి.

"నేనే చూసి తీసెయ్ అన్నానని తెలిస్తే నా పుణె పోయినట్టే," అంటున్నది పూనం. ఏడుస్తున్నది.

"నేనే తీసేసిన అంట తియ్. నాకు దెల్వక తీసేసిన అంట. నన్నేం జేస్తరు, ఉరి తీస్తరా?"

"గట్ల కాదమ్మా! నీకు దెల్వదంటే, నీకెందుకు నేర్పలేదని నన్నే పట్టుకుంటరు. నీకు కండ్లు కనపడయని చెప్పు. పని పోతదని దాచిపెట్టిన అని చెప్పు. అప్పుడు నా గల్తీ ఉండది. నన్నుగూడ నువ్వు మోసం చేసినట్టే అయితది."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"కండ్లు లెవ్వంటే," అన్నది పోచమ్మ, "రేపు నాకు బట్ట ఎవలిస్తరే? నాకు ఉన్నయే కండ్లు."

"నేను లేనా? నిన్ను పుణె తీస్కపోతా. నీకు ఇంక పని ఎందుకు? ప్రామిస్ అమ్మా, నా మీద ఒట్టు."

పిల్ల తన మీద తాను ఒట్టు పెట్టుకుంటే ఏ తల్లి మాట్లాడుతుంది? ఒప్పుకుంది. అటు తర్వాత ముక్కు చీదుకుని, "అన్నం తిను. పొద్దటిసంది ఏం తినలే," అన్నది.

మర్నాడు పుణె సాబ్ వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో కార్డు, చేతిలో పెన్ను. మమ్మల్నందరినీ గోడకు నిలబెట్టాడు. ముందు జల్లెడ పట్టింది ఎవరని అడిగాడు. పోచమ్మ ముందుకు జరిగింది. గోడ పట్టుకుని జరిగింది. దొంగమొహంది, రాత్రంతా అభ్యాసం చేసినట్టుంది.

"సాబ్, నాకు కండ్లు కనపడయ్. పని పోతదని చెప్పలే. మేడంకు గూడ ఎరుక లేదు. నన్ను మాఫ్ జెయ్యిండ్రి."

శుభమ్ సార్ అదంతా హిందీలో చెప్పాడు. పుణె సాబ్ నమ్మలేదు. ఎందుకు నమ్ముతాడు, చదువుకున్నవాడు, రుజువు కావాలి. "వీడియో తీయి," అని పూనం చేతికి ఫోన్ ఇచ్చాడు. "కంపెనీలో అడుగుతారు, చూపించాలి కదా." పూనం తీసుకుంది. తల్లి ముఖానికి గురిపెట్టింది.

ముందు వేళ్ళు చూపించి ఎన్ని అన్నాడు. తప్పు చెప్పింది. కంప్యూటర్ మీద చారల బొమ్మ పెట్టి ఏముంది అన్నాడు. "తెల్లగ ఉన్నది సాబ్," అన్నది. గట్టయ్య సేఠ్ బల్ల మీద జానెడు దూరంలో ఉండగానే వెంట్రుకవాసి పోగును పట్టిన మనిషి! నాకు ఒళ్ళు మండిపోతున్నది. అయినా సరిపోలేదు వాడికి. చేతిలోని పెన్ను నేల మీద వదిలేశాడు. "ఉఠావ్," తీయమన్నాడు.

పెన్ను వాడి బూటు పక్కనే ఉంది. నీలం పెన్ను, తెల్ల బండ మీద. పోచమ్మ మోకాళ్ళ మీద కూర్చుని అటు కాకుండా ఇటు తడిమింది. కుర్చీ కాలు పట్టుకుంది, విడిచింది. నా చెప్పు పట్టుకుంది, విడిచింది. పుణె సాబ్‌కు సరదా పుట్టింది. బూటు కొనతో పెన్నును ఆమె చేతి దగ్గరికి నెట్టాడు, ఆమె వేలు తగలబోతుంటే వెనక్కు లాగాడు. మళ్ళీ నెట్టాడు, మళ్ళీ లాగాడు. శుభమ్ సార్ ఇకిలించాడు. తప్పు మా మీదికి రానందుకు మా ఆడవాళ్ళలో కూడా ఇద్దరు ముగ్గురు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు, వాళ్ళ మొహాలు మాడ!

"సార్, ఆమెకు..." అని నేను నోరు తెరిచాను. నేల మీద తడుముతున్న చేయి వచ్చి నా చీలమండ దగ్గర పట్టి గిచ్చింది. గోళ్ళు దిగేలా గిచ్చింది.

"ఇది నీకేమవుతుంది? నువ్వే తెచ్చావట కదా పనిలోకి?" పుణె సాబ్ పూనంను అడిగాడు.

ఫోన్ కదలలేదు. "కోయీ నహీ సర్. బస్తీ కీ ఔరత్ హై."

ఎవరూ కాదు, వాడలోని ఒక ఆడది. ఆ మాట కూడా వీడియోలో ఉంది.

మెట్ల దాకా గోడ పట్టుకునే నడిచింది పోచమ్మ. మలుపు తిరిగాక గోడ వదిలేసి చకచకా దిగింది. కింద నన్ను ఆపి అడిగింది. "మంచిగ చేసిన్నా? నమ్మిండంటవా?"

"నమ్మిండు," అన్నాను. ఆమె ఊపిరి వదిలి, పైట సర్దుకుంది.

మా అందరికీ పని పోయింది. పూనంకు పుణె పని రాలేదా, వచ్చింది. మోసాన్ని కెమెరాలో పట్టించిన నిజాయితీగల పిల్ల అని మెచ్చుకుని మరీ తీసుకున్నారు. వీడియోను శుభమ్ సార్ ముచ్చటపడి ఎవరికో పంపాడు, వాళ్ళు ఇంకెవరికో పంపారు. వారం తిరగకుండా పద్మనగర్‌లో ప్రతి ఫోన్‌లోనూ పోచమ్మ నేల మీద తడుముతున్నది. పైన ఎవడో నవ్వే బొమ్మలు కూడా అతికించాడు.

ఆమె గట్టయ్య సేఠ్ దగ్గరికి పోయింది. నేనూ వెంట వెళ్ళాను. గట్టయ్య చెడ్డవాడేం కాదు, చాయ్ తెప్పించాడు.

"గట్టన్నా, నా బల్ల నాకియ్యే. నాకేం కాలే. అదంత ఉత్తదే. ఏదీ, ఆ తాకా గిట్ల తియ్యి, చూసి చెప్త."

"ఎందుకు పోచక్కా?" గట్టయ్య తల దించుకున్నాడు. "నువ్వు చూస్తవని నాకు ఎరుకే. గేటుకాడికెల్లి నన్ను చూసి నవ్వుకుంటనే వచ్చినవు. నేనేమన్న గుడ్డోన్నా? కని వ్యాపారులు వీడియో చూసిండ్రు. గుడ్డి దానితోని మాల్ చూపిస్తున్నడని నా బట్ట వాపసు చేస్తరు. నా పేరు ఏం గావాలె?"

"నీ పేరు సరే. నా పేరో?"

గట్టయ్య చాయ్ కప్పు ఆమె ముందుకు జరిపాడు. కామత్‌ఘర్‌లో తన అన్న కార్ఖానా ఉంది, అక్కడ కండెలు చుట్టే పని ఇప్పిస్తానన్నాడు. దారం కండెకు చుట్టడానికి కళ్ళతో పనిలేదు, చేతి స్పర్శ చాలు. ఇంతమంది నేసిన బట్టకు తీర్పు చెప్పిన మనిషి పోయి ఆ మూల కూర్చుంది. పక్కవాళ్ళు కండె చేతికి అందిస్తున్నారు. జాలిపడుతున్నారు కూడా. ఆ జాలి చూస్తే నాకు రాయి తీసుకుని కొట్టాలనిపిస్తుంది.

ఇక పుణె. పూనం తీసుకుపోతుందని ప్రతి ఆదివారం పోచమ్మ బట్టలు సర్దుకునేది. చివరికి పిల్ల ఫోన్‌లో విషయం చెప్పింది. "అమ్మా, ఎట్ల తీస్కపోవాలె చెప్పు? అక్కడ అందరు నీ వీడియో చూసిండ్రు. నువ్వు మంచిగ నడుసుకుంట కనపడితే? ఎవరు అంటే ఏమనాలె? థోడా రుకో నా, కొన్ని రోజులాగు." పోచమ్మ సంచి విప్పి చీరలు మళ్ళీ దండెం మీద వేసింది. "నిజమే గదా," అన్నది నాతో. నిజమేనట!

అంతటితో అయిపోతే బాగుండేది. పుణె కంపెనీ వాళ్ళకు దయ పుట్టింది. ఆ వీడియో చూసి ఎవరో పెద్దాయన బాధపడ్డాడట, పేద గుడ్డివాళ్ళకు ఏమైనా చేద్దామన్నాడట. పద్మనగర్‌లో షామియానా వేసి, మైకు పెట్టి, గుడ్డివాళ్ళకు తెల్ల చేతికర్రలు పంచారు. మొదటి పేరు పోచమ్మది. తెలుగు వచ్చిన పిల్ల అని కంపెనీ తరఫున పూనంను పంపారు. మెడలో కార్డు వేసుకుని, తల్లి చేతిలో కర్ర పెట్టి, ఫోటోగ్రాఫర్ వైపు తిరిగి నిలబడింది. పోచమ్మ మాత్రం అటు తిరగలేదు. గుడ్డిది కదా, ఫోటో ఎటు తీస్తున్నారో తెలియకూడదు. ఎటో ఆకాశం వైపు చూస్తూ నమస్కారం పెట్టింది. మా వీధి వాళ్ళందరికీ తెలుసు వాళ్ళిద్దరూ ఎవరో. ఒక్కరూ పలకలేదు. పొట్ట చేత పట్టుకుని బతికేవాళ్ళకు వేడుక చూడడం వస్తుంది.

ఆ కర్ర పారేయమని నేను గొడవ చేశాను. "ఎట్ల పారేత్త పోరీ?" అన్నది. "వెంకవ్వ కొడుకు శుభమ్ సార్ బండి నడుపుతడు. నేను మామూలుగ నడుత్తే ఆమె ఊకుంటదా? పోయి చెప్పదా? పూనం పర్మినెంట్ కానియ్యి, అప్పుడు చూద్దం." వెంకవ్వ మా వరస ఇళ్ళ చాళ్‌లో చివరి ఖోలీ ఆమె, ఒక విషయం ఆమె చెవిన పడితే సాయంత్రానికి కనేరీ దాకా పోతుంది. అందుకని పోచమ్మ గల్లీలో కర్ర తాటిస్తూ నడుస్తుంది. ఎదురుగా రిక్షా వస్తుంటే చూస్తుంది, చూసి కూడా పక్కకు జరగదు. ఎవరైనా రెక్క పట్టి లాగేదాకా నిలబడుతుంది. ఒకసారి అద్దం తగిలి మోచేయి వాచింది. "గుడ్డిదానివి రోడ్డు మీదికెందుకు వస్తవ్?" అని రిక్షావాడు తిట్టాడు. ఆమె తల ఊపింది.

పోయిన నెల పూనం పర్మినెంట్ అయింది. ఫోటో నా ఫోన్‌కే పంపింది, పోచమ్మ దగ్గర ఫోటోలు వచ్చే ఫోన్ లేదు. నేను ఫోటో వచ్చిందని కేకేస్తూ ఉరుక్కుంటూ పోయాను. పూనం పుణె పోయిన తర్వాత ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు, షామియానా కిందికి తప్ప. ఆ రోజు కూడా తల్లి ఆకాశం వైపే చూసింది కాబట్టి పిల్ల ముఖం సరిగ్గా చూడనే లేదు. ఇప్పుడైనా తీరా చూసుకుంటుందని నా ఆశ. కానీ నేను పోయేసరికి ఖోలీలో వెంకవ్వ కూర్చుని ఉంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గడపలో ఉన్నారు.

"పూనం ఫోటో వచ్చిందటనా? ఏదీ, ఏదీ," అని వెంకవ్వ నా చేతిలోని ఫోన్ గుంజుకుంది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని చూశారు. పూనం ఏదో పెద్ద అద్దాల మేడ ముందు నిలబడి నవ్వుతోంది, జుట్టు కత్తిరించుకుంది, తల్లి పోలికే ఇంకా స్పష్టంగా వచ్చింది.

"అబ్బో, ఎంత మంచిగున్నదే పోరి! పాపం పోచక్కా, నీకు చూసే రాతే లేకపాయె," అన్నది వెంకవ్వ.

పోచమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు చేతులూ ఒడిలో గట్టిగా పట్టుకుంది. "ఎట్లున్నదే నా బిడ్డ?" అని అడిగింది. "సన్నవడ్డదా? తింటున్నదా, లేదా? జెర చెప్పరాదుండ్రే."

నాకు తిక్క రేగింది. ఒట్టు లేదు, గిట్టు లేదు. వెంకవ్వ చేతిలోంచి ఫోన్ లాక్కుని, బొమ్మ పెద్దది చేసి, పోచమ్మ ముఖానికి జానెడు దూరంలో పెట్టాను. "చూడు పెద్దమ్మా. చూడు నీ బిడ్డను."

వెంకవ్వ ఆమె ముఖంలోకే చూస్తున్నది.

పోచమ్మ కళ్ళు మూసుకుంది.